ఇనుము లేని నడక

“నడవడమే కదా, అదేమన్నా బ్రహ్మవిద్యా?” అన్నాడు భర్త.

అతని కొత్త ప్యాంటు ఆమె ఒళ్లో ఉంది. బ్లేడు అంచుతో కుట్లు విప్పి, జిప్పును జాగ్రత్తగా ఊడదీస్తోంది. జిప్పు పళ్లు ఇత్తడివే. ఇత్తడితో పేచీ లేదు. వాటిని కదిలించే జారుడుముక్కలో మాత్రం చీమ తలకాయంత ఉక్కు స్ప్రింగు ఉంటుంది. అది మామూలు మనిషి కంటికి ఆనదు. రేపు అతను మోయబోయే యంత్రానికి మాత్రం అది చెవి పక్కన ఊదిన బూర. జిప్పు ఉన్న చోట గుడ్డతో నాడాలు కుట్టాలి, నడుము దగ్గర ఇనుప కొక్కెం తీసి ప్లాస్టిక్ బొత్తాం పెట్టాలి, చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ పరీక్షించాలి. తన బట్టలన్నీ ఆమె ఏళ్ల క్రితమే ఇలా మార్చుకుంది. లోదుస్తుల కొక్కేలు కూడా. అతనికి ఈ అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే ఎప్పుడూ నడిచింది ఆమె. అతను గట్టు మీద గొడుగు కింద నిలబడేవాడు.

కొత్త రోడ్డు వేసే ముందు, అది పోయే దారిలో నేల కింద పాతకాలపు మనుషులు విడిచిపోయినవి ఏమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. ప్రతిచోటా తవ్వి చూడటం కుదిరే పని కాదు గనుక తవ్వకుండానే చూస్తారు. దీనికి ఆధారం చాలా సాదా విషయం. మట్టిని ఒకసారి ఎర్రగా కాల్చితే, అది చల్లారే వేళకు భూమి అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుగా ఉందో ఆ దిక్కును తనలో నిలుపుకుంటుంది. పొయ్యి కావచ్చు, ఇటుకల బట్టీ కావచ్చు, కుండల ఆవం కావచ్చు, తగలబడిన ఇల్లు కావచ్చు. వేల ఏళ్లు గడిచినా ఆ దిక్కును వదలదు. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరు పట్టుకుని పైన నడిచేవారికి ఆ తేడా సన్నగా అందుతుంది. మట్టికి జ్ఞాపకం ఉంటుందనీ, పగ ఉంటుందనీ కవులు అంటే అననివ్వండి. మట్టికి ఉన్నవి ఇనుప ఆక్సైడు రేణువులు మాత్రమే. జ్ఞాపకం, పగ మనుషుల సరుకు. ఆమె దగ్గర ఆ రెండూ నిలవ ఉన్నాయి.

“బ్రహ్మవిద్య కాదు గానీ, కాస్త అలవాటు కావాలండీ. ఇవాళ సాయంత్రం వసారాలో దారం కట్టాను. ఓ నాలుగుసార్లు నడిచి చూడండి,” అంది.

“ఇప్పుడు నాకు నడక నేర్పుతావా?”

పక్క గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “నా కొడుకు తొమ్మిదో నెలలోనే నడిచాడమ్మా! ఎవరూ నేర్పలేదు. గోడ కూడా పట్టుకోలేదు.”

భర్త పగలబడి నవ్వాడు. ఆమె కూడా పెదవులు విప్పింది. హాస్యం బాగుంటే, అది తన మీదే అయినా ఒప్పుకోవడం ఆమె స్వభావం. అయితే ఒప్పుకోవడం వేరు, మరిచిపోవడం వేరు.

అతను వసారాలో దారం వెంట రెండుసార్లు నడిచాడు. గడియారంలా టిక్కుమనే చిన్న యంత్రాన్ని ఆమె చేత్తో పట్టుకుని నిలబడింది. టిక్కు పడ్డ క్షణానికి కాలు దారం మీది ముడి దగ్గర ఉండాలి. ముందుండకూడదు, వెనకుండకూడదు. గతుకులున్నా, ఎత్తుపల్లాలున్నా, ఎండుమోళ్లు కాలికి గుచ్చుకుంటున్నా అంతే. ఒక వరుస వెళ్లి, పక్క వరుసలో వెనక్కి రావాలి. వెళ్లేటప్పటి అడుగూ వచ్చేటప్పటి అడుగూ ఒక్కలా లేకపోతే, యంత్రం అంకెలతో తయారయ్యే బొమ్మలో వరుసలు ఒకదానికొకటి అతకవు. నేల కింద తిన్నగా ఉన్న గోడ పైన రంపపు పళ్లలా కనిపిస్తుంది. మూడోసారి నడవబోతుండగా భర్తకు ఫోన్ వచ్చింది. అతను దారాన్ని దాటి, మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు. దారం కాలికి తగిలి తెగింది. అది అతను గమనించలేదు. ఆమె చుట్టి పెట్టుకుంది.

పొలాల్లో ఆమెను ‘కొలబద్ద’ అంటారు. ఆ పేరు మొదట పెట్టింది భర్తే, ఎగతాళికి. “చూడండి చూడండి, మా కొలబద్ద బయల్దేరింది” అని కొయ్య మేకులు పాతే మనుషుల ముందు అనేవాడు. వాళ్లు ఆ మాట తీసుకుని, ఎగతాళి తీసేసి, ‘కొలబద్దమ్మ’ అని పిలవడం మొదలుపెట్టారు. అడ్డకర్రకు అటొక గొట్టం, ఇటొక గొట్టం నిలువుగా వేలాడే యంత్రాన్ని వాళ్లు కావడి అంటారు. కావడి ఎత్తుకుంటే ఆమె మొహంలో ఏ భావమూ ఉండదు. కాళ్లు మాత్రం ఉంటాయి. ఎండలో, మంచులో, దున్నిన చాళ్లలో, బురదలో ఆ కాళ్లు ఒకే కొలతతో పడేవి. ఇతర సంస్థల బొమ్మలు దిద్దుకుంటే తప్ప పనికిరావు. ఈ దంపతుల సంస్థ బొమ్మలు దిద్దకుండానే అచ్చుకు పోయేవి. “ఆయన చేతివాసి అండీ” అనేవాళ్లు రోడ్డు కార్యాలయంలో. భర్త వినయంగా తల వంచేవాడు. “నేలను చూస్తేనే నాకు తెలిసిపోతుంది, ఎందుకో మరి” అనేవాడు. చేతివాసి అన్నది ఉందో లేదో తేల్చాలంటే చెయ్యి మార్చి చూడాలి. ఎవరూ మార్చి చూడలేదు గనుక ఆ నమ్మకం నిలిచింది.

ఇద్దరూ ఒకే తరగతిలో చదివారు. అయస్కాంతత్వం పాఠాలు అతనికి ఆమే చెప్పింది, పరీక్షల ముందు, గ్రంథాలయం మెట్ల మీద. పెళ్లయ్యాక సంస్థ అతని ఇంటి పేరు మీద వెలిసింది. ఆమె కాగితం మీద డైరెక్టరు. జీతం మాట ఎత్తితే మామగారు బతికున్న రోజుల్లోనే తేల్చేశారు: “ఇంటి మనిషికి జీతమేంటమ్మా? ఇల్లంతా నీదే కదా.” ఆ ఇంట్లో ఆమె పేరు మీద ఉన్నది గ్యాసు పొయ్యి ఒక్కటే. దాన్ని తుడిచే పని కూడా ఆమెదే గనుక.

ముందు గదిలో గోడకు ఒక ఫోటో ఉంది. కుండల ఆవాల వరుస దొరికిన రోజు పత్రికలో వచ్చింది. భర్త నేల వైపు వేలు చూపిస్తున్నాడు. కుడి అంచున ఒక మోచెయ్యి ఉంది. ఆ మోచెయ్యి ఆమెది. ఆ ఫోటో మీది దుమ్ము కూడా ఆమే తుడుస్తుంది. అద్దం మీద గుడ్డ ఎడమ నుంచి కుడికి పోయి మోచేతి దగ్గర ఆగుతుంది. ఆ పనిలో ఆమెకు ఏనాడూ కన్నీళ్లు రాలేదు. ఫోటోలు తీసేవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఏ కోణంలో తీశాడు, చట్రానికి ఎంత కోశారు అన్నవే తలపుకొచ్చేవి. కోసిన వాళ్లను అడిగితే, “స్థలం సరిపోలేదండీ” అన్నారు. నిజమే అయ్యుంటుంది. స్థలం సరిపోనప్పుడు ఎవరిని కోయాలో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు, అంతే.

పొలం నుంచి ఇంటికి చేరాక భర్త కుర్చీలో కూలబడి, “ఎండలో నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి, కాసిని వేణ్నీళ్లు పెట్టు” అనేవాడు. రోజంతా నడిచిన కాళ్లతో ఆమె వేణ్నీళ్లు పెట్టేది. పొయ్యి నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి భోజనాల బల్లకు, బల్ల నుంచి అత్తగారి మంచానికి, మళ్లీ పొయ్యికి. అక్కడా కొలిచినట్టే పడేవి అడుగులు. “ఆ నడకేంటే అమ్మాయ్, శవాన్ని మోస్తున్నట్టు! ఇంట్లోనన్నా ఆడపిల్లలా నడవొచ్చు కదా” అనేది అత్తగారు. ఆడపడుచు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఆమె నడకను అనుకరించి చూపించుకుని నవ్వుకునేవారు. ఆడపడుచుకు అడుగు కుదిరేది కాదు. ఎడమ కాలు తొందరపడేది. ఆ తప్పు ఎక్కడుందో చెప్పాలని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చేది. కాఫీ కప్పులు తీసుకుని వంటగదిలోకి పోయేది.

ఇక కడియం సంగతి. “గడపలో అడుగు పెట్టిన రోజే చేతికి బంగారం తొడిగాం, ఇంకేం కావాలి?” అన్న మాట ఆ ఇంట్లో ఏ వాదననైనా ముగించేది. సెలవు అడిగినా, పుట్టింటికి పోతానన్నా, వంటకు ఒక మనిషిని పెట్టుకుందామన్నా ఆ కడియమే జవాబు. పెళ్లైన కొత్తలో, మొదటి పనికి పోయిన రోజు దాన్ని తీయడం ఆమె మరిచిపోయింది. బంగారానికి అయస్కాంత క్షేత్రంతో లావాదేవీ ఏమీ ఉండదు గనుక భయపడాల్సింది లేదు. కానీ కావడి ఎత్తగానే అంకెలు ఎగిరి గంతేశాయి. బట్టలు చూసుకుంది, జడ చూసుకుంది, జోళ్లు విడిచి చూసింది. చివరికి ఎవరూ లేని మూలకు పోయి, కడియం తీసి గొట్టం దగ్గరకు తెచ్చింది. అంకెలు మళ్లీ గంతేశాయి. పైన బంగారు పూత, లోపల ఇనుము. కంసాలి వాళ్లను మోసగించాడా, వాళ్లే తనను మోసగించారా? ఆధారం లేకుండా తీర్పు చెప్పడం ఆమె చదువుకు విరుద్ధం. అందుకని ఆ ప్రశ్నను మూయకుండా అలాగే ఉంచింది. కడియాన్ని బీరువాలో పెట్టి, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం తొడుక్కునేది. ఒక్క ముక్క కూడా ఎవరితోనూ అనలేదు.

ఇన్నాళ్లూ ఇలాగే గడిచిపోయింది. రోడ్డు కార్యాలయం కొత్త నిబంధన పెట్టకపోతే ఇకముందూ గడిచిపోయేదే. వెనకటి రోడ్డు పనిలో ఎవరో గుత్తేదారు తన వంకర బొమ్మను కంప్యూటరులో దిద్దీ దిద్దీ, మరకతోపాటు ఒక పాతకాలపు కొలిమిని కూడా తుడిచేశాడట. బుల్డోజరు దాని మధ్యలోకి దిగాక గానీ బయటపడలేదు. అందుకని ఈసారి పెద్ద రోడ్డు మొత్తానికి ఒకే సర్వేదారును పెట్టుకుంటామనీ, దానికి పోటీ పెడతామనీ, ఎవరు బాధ్యతగా సంతకం చేస్తారో వాళ్లే స్వయంగా నడవాలనీ నిర్ణయించారు. ఒక మైదానంలో కాలిన ఇటుకలు, పూడ్చిన కందకం, ఇంకా ఏవేవో పాతిపెట్టి ఉంచారు. ప్రతి పోటీదారూ ఒక్కసారి నడవాలి. దిద్దని బొమ్మ అక్కడికక్కడే తెర మీద వేస్తారు.

భర్త దరఖాస్తును టైపు చేసింది ఆమే. ఆ నిబంధనను చదివి వినిపించింది కూడా. “ఏమండీ, బాధ్యులే నడవాలట.” టీవీ మీంచి చూపు తిప్పకుండా, “నడుస్తాలే” అన్నాడు. ఆ మాటలోని తేలిక ఆమెను పట్టుకుంది. వేడి మాటలు ఆమెకు కొత్త కాదు. వేడి మాట అన్నవాడికి కనీసం ఎదుట ఎవరో ఉన్నారన్న స్పృహ ఉంటుంది. ఈ మాటలో అదీ లేదు. ఇన్నేళ్ల ఎండ, బురద, బొబ్బలు, ఆ లెక్క తప్పని కాళ్లు. అతనికి ఇవన్నీ ఎక్కడా నమోదే కాలేదు. అతను అబద్ధం ఆడటం లేదు, నిజంగానే నడవడం అంటే నడవడమే అనుకుంటున్నాడు. అన్నిటికంటే క్షమించలేనిది ఆ నిజాయితీ. మర్నాడు కూరగాయలకని బయల్దేరి, రోడ్డు కార్యాలయానికి పోయి, తన చదువు పత్రాలు జతచేసి, తన పుట్టింటి పేరుతో ఇంకో దరఖాస్తు ఇచ్చింది. గుమస్తా, “సంస్థ పేరు?” అని అడిగాడు. “సంస్థ లేదు. నేనే,” అంది. వచ్చేటప్పుడు కూరగాయలు కూడా తెచ్చింది.

ఇప్పుడు అతని ప్యాంటు అంచు మడిచి కుడుతూ, చేతిలోని సూది వైపు చూసింది.

సన్నని ఉక్కు సూది. అంచు మడతలో దాన్ని వదిలేసి పైన రెండు కుట్లు వేస్తే చాలు. పరీక్ష నడిచినంతసేపూ అది అతని చీలమండ దగ్గర ఊగుతుంది. పాతిన ఇటుకలూ కందకమూ అన్నీ దాని అరుపులో మునిగిపోతాయి. ఎవరికీ తెలియదు. ఆమె ఆ ఊహను తొందరపడి తోసేయలేదు. మంచి భోజనాన్ని నమిలినట్టు నిదానంగా, అన్ని వైపులా నమిలి చూసింది. అతని మొహం, తెర మీది చారలు, అధికారుల చూపులు. చాలా రుచిగా ఉంది. కానీ సూది పెడితే అతను ఓడిపోవడానికి కారణం సూది అవుతుంది. అతను జీవితాంతం, “సూది లేకపోతే గెలిచేవాణ్ణి” అని నమ్ముకుని హాయిగా బతుకుతాడు. ఆ ఒక్క ఓదార్పు కూడా అతనికి దక్కకూడదు. అతని ఓటమికి అతను తప్ప ఇంకేదీ కారణం కాకూడదు.

సూదిని డబ్బాలో పెట్టి మూత బిగించింది. కుట్టిన బట్టలన్నిటినీ మూలనున్న యంత్రం దగ్గరకు తీసుకెళ్లి, ప్రతి మడతనూ గొట్టం ముందు తిప్పి చూసింది. అంకె కదల్లేదు. ఆమె జీవితంలో ఇంత శుభ్రంగా ఎవరి బట్టలూ సిద్ధం చేయలేదు. ఇంత కసిగా కూడా.

పొద్దున అత్తగారు అందరికంటే ముందు తయారైంది. “వాడి ఫోటో తీస్తారట, నేను చూడొద్దూ!” అని సంచీ, గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడింది. భర్త కొత్త బూట్లు తెచ్చుకున్నాడు. లావుపాటి అడుగు, మెరిసే మూతి. “లారీ ఎక్కినా వేలికి దెబ్బ తగలదట. కొట్టువాడు సుత్తితో కొట్టి చూపించాడు” అన్నాడు తల్లితో.

ఆమె దగ్గరకు పోయింది. “ఏమండీ, ఆ బూట్ల మూతిలో ఉక్కు ఉంటుంది. అడుగున కూడా పట్టీ ఉంటుంది. మీ కొలతకు రబ్బరు జోళ్లు తెచ్చి ఉంచాను, అవి వేసుకోండి.”

“ఫోటోవాడు వస్తున్నాడు, అధికారులు వస్తున్నారు. నన్ను రబ్బరు జోళ్లేసుకుని నిలబడమంటావా? ఇనుము సంగతి నువ్వు నాకు చెప్తావా? ఎక్కు, ఎక్కు, టైమవుతోంది.”

ఇలాంటి చోట ఆమెకు ఒక అలవాటు ఉంది. ప్రతి విషయం వెంటా ఆ ఇంట్లో మూడుసార్లు పడేది. మొదటిసారి చెబితే కసురుకునేవారు. రెండోసారి చెబితే, “ఒకసారి చెప్పావుగా” అనేవారు. మూడోసారికి చెప్పడం మానేసి, నిశ్శబ్దంగా తనే సరిచేసేది. మరుసటి రోజు అది అతని తెలివి అయ్యేది. సంస్థ నిలబడిందీ, ఇల్లు నిలబడిందీ ఆ రెండో మాట మీద, ఆ మూడో మౌనం మీద.

ఇవాళ ఆమె ఒక్కసారే చెప్పింది.

రబ్బరు జోళ్లను కారు వెనక సీట్లో అందరికీ కనిపించేలా పెట్టింది. అత్తగారు ఎక్కి, వాటి మీద తన సంచీ పెట్టుకుంది. ఆమె కూడా ఎక్కి కూర్చుంది. బయల్దేరే ముందు బీరువాలోంచి తీసి తొడుక్కున్న కడియాన్ని చొక్కా చేతి కిందకు తోసుకుంది.

మైదానంలో తెల్ల దారాలు లాగి ఉన్నాయి. గడ్డిటోపీ పెట్టుకున్న నెరిసిన జుట్టు పరీక్షాధికారిణి ఒక బల్ల వెనక కూర్చుంది. పోటీదారులు నలుగురైదుగురు. కావడి రోడ్డు కార్యాలయానిదే, అందరికీ ఒకటే. మొదట నడిచినవాడి బొమ్మ కాస్త వంకరగా వచ్చినా ఏదో గుండ్రటిది అందులో తెలుస్తూనే ఉంది. తరువాత భర్త వంతు.

అతను జనం వైపు తిరిగి, ఉపన్యాసాల్లో చేసే పనే చేశాడు. గడియారం విప్పి పైకి చూపించి బల్ల మీది పళ్లెంలో వేశాడు. తాళంచెవులు గలగలలాడించి వేశాడు. బెల్టు లాగి వేశాడు. “ఇనుము ఒంటి మీద ఉండకూడదండీ. ఇది తపస్సు లాంటిది” అన్నాడు. ఫోటోవాడు ఫోటో తీశాడు. అత్తగారు పక్కనున్నావిడతో, “మా అబ్బాయి” అంది.

టిక్కు. అతని కాలు ముడికి జానెడు ముందు పడింది. టిక్కు. ఈసారి వెనక. ఎండలో గట్టు మీద నిలబడి చూడటం అన్న పని ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి తెలుసుకుంటోంది. కాళ్లేమీ లాగలేదు. ప్రతి టిక్కుకూ ఒక మాట గుర్తుకొచ్చింది. ఇల్లంతా నీదే కదా, టిక్కు. శవాన్ని మోస్తున్నట్టు, టిక్కు. స్థలం సరిపోలేదండీ, టిక్కు. నడుస్తాలే. నడుస్తాలే. తిరుగు వరుసలో అతను తడబడి, కావడి ఒక పక్కకు ఒరిగింది. ఆమెకు సంతోషం కలిగింది. ఇలాంటి సంతోషానికి సిగ్గుపడాలని చిన్నప్పటి నుంచీ అందరూ చెప్పారు. సిగ్గు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు.

తెర మీద బొమ్మ పడింది. బొమ్మ అనడం మర్యాద. నలుపు, తెలుపు చారలు. అడుగడుక్కీ ఒక మచ్చ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. నేల కింద ఉన్నది ఒక్కటీ కనిపించలేదు. కనిపించిందల్లా ఒక మనిషి బూట్లు వేసుకుని నడిచిపోవడం.

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. భర్త మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం తెర వైపు, ఇంకో క్షణం తన బట్టల వైపు చూసుకున్నాడు. చెయ్యి చాచి ఆమెను చూపించాడు.

“బట్టలు కుట్టింది ఈవిడ. ఏదో ఇనుము వదిలేసింది. సూదో, గుండుసూదో.”

“అమ్మాయ్, ఎంత పని చేశావే!” అంది అత్తగారు.

పరీక్షాధికారిణి లేచి, ఒక చేతిగొట్టం తెప్పించి, అతన్ని నిలబెట్టి, మెడ నుంచి కిందకు నిదానంగా దించింది. చొక్కా దగ్గర అంకె కదల్లేదు. నడుము దగ్గర కదల్లేదు. ప్యాంటు అంచు దగ్గర కూడా కదల్లేదు. “బట్టలు చాలా శుభ్రంగా ఉన్నాయి. ఇంత శుభ్రంగా కుట్టినవి నేను చూళ్లేదు,” అంది. గొట్టం ఇంకో జానెడు కిందకు దిగింది. అంకెలు గంతేశాయి.

అందరూ అతని పాదాల వైపు చూశారు.

“ఇంత అనుభవం ఉందంటున్నారు. వీటి సంగతి మీకు ఎవరూ చెప్పలేదా?”

అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. అప్పుల్లో, తప్పుల్లో, చుట్టాల ముందు పరువు పోయే వేళల్లో అది వచ్చేది. ఏదో ఒకటి చెప్పి కాపాడు అనే చూపు.

“చెప్పానండీ,” అందామె అధికారిణితో. “ఒకసారి చెప్పాను.”

“ఒకసారి చెబితే ఎలాగే?” అత్తగారు గొడుగు నేలకు కొట్టింది. “మొగుడన్నాక పదిసార్లు చెప్పాలి, వినేదాకా చెప్పాలి!”

పక్కనున్నావిడ, ఇందాక ‘మా అబ్బాయి’ అన్న మాట విన్న ఆవిడే, కొంచెం జరిగి కూర్చుంది.

భర్త గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, ఇదో చిన్న పొరపాటు. మా సంస్థ తరఫున మా ఆవిడ నడుస్తుంది. ఎప్పుడూ నడిచేది తనే.” అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. ఇన్నేళ్లలో ఆ మాట అతని నోటి నుంచి పదిమందిలో రావడం అదే మొదలు. అది కూడా అవసరానికి.

“నిజమా?” పరీక్షాధికారిణి అతన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. “మీ సంస్థ పరీక్ష అయిపోయిందండీ. ఆవిడ నడుస్తారు, కానీ మీ తరఫున కాదు. ఆవిడ దరఖాస్తు వేరే ఉంది. తరువాతి వంతు ఆవిడదే.”

అతను ఆమె దగ్గరకు వచ్చి, పళ్ల మధ్యనుంచి, ఇతరులకు వినిపించకుండా, “ఇదేంటి? నాకు తెలియకుండా ఇదేంటి? ఇంటికి పద, చెప్తాను” అన్నాడు.

“అలాగే చెప్పండి. పదిసార్లు చెప్పండి,” అంది ఆమె. తక్కువ గొంతుతోనే అంది, ఇన్నేళ్లూ మాట్లాడిన గొంతుతోనే.

పళ్లెం దగ్గరకు పోయింది. ఆమె ఒంటి మీద విప్పడానికి ఏమీ లేదు, ఒకటి తప్ప. చొక్కా చెయ్యి పైకి లాగి కడియం తీసింది. ఎండకు అది చక్కగా మెరిసింది. పళ్లెంలో వేయలేదు. నాలుగడుగులు వెనక్కి నడిచి, అత్తగారి అరచేతిలో పెట్టింది.

“ఇది పట్టుకోండత్తయ్యా. ఇందులో ఇనుముంది.”

అని, ఆ మొహం వైపు చూసింది. యంత్రం అంకెను చదివినట్టు, తొందర లేకుండా, ముందే ఏదీ అనుకోకుండా చూసింది. కోపం ఉంది. కంగారు ఉంది. కళ్లు పక్కకు తిరిగి, ఎవరైనా విన్నారేమోనని వెతికాయి. ఆశ్చర్యం మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్లుగా మూయకుండా ఉంచిన ప్రశ్నను ఆమె అక్కడే, ఆ ఎండలోనే మూసేసింది.

కావడి ఎత్తుకుంది. ఇనుము అలికిడి లేని మూలకు పోయి, నాలుగు దిక్కులకూ తిరిగి, అంకెలను సున్నాకు తెచ్చింది. మొదటి దారం మొదట్లో పాదాలు ఆనించి నిలబడింది. అధికారిణి చెయ్యెత్తింది. అంకె సన్నగా వణికింది. ఆమె ఆగింది. గాలి కాదు, కింద పాతినదీ కాదు. తల తిప్పి చూస్తే, భర్త దారాల అంచుదాకా వచ్చి నిలబడి ఉన్నాడు, ఆ బూట్లతో, నోరు సగం తెరుచుకుని. అతని వెనకే అత్తగారు, గుప్పిట్లో కడియంతో.

“ఏమండీ,” అంది ఆమె, మైదానమంతా వినిపించేలా. “మీ ఇద్దరి దగ్గరా ఇనుముంది. కాస్త దూరంగా నిలబడండి.”

అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె అంకె వైపు చూసింది.

“ఇంకా,” అంది.